యాదమ్మ కట్టిన బ్యాడ్జి

అది 2012. తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ క్యాంపస్ లోపలికి వస్తే వేపచెట్ల వెనక మా హెల్త్ సెంటర్ ఉండేది. నంద్యాల నుంచి వచ్చి నల్లకుంటలో అద్దెకుంటూ అక్కడ ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేస్తున్న ఆరో ఏడు నాకు. ఇప్పుడంటే స్విచ్ నొక్కగానే బొమ్మ కంప్యూటర్ తెర మీదికి వచ్చేస్తోంది. అప్పుడు ఫిల్మే. డార్క్ రూమ్‌లో ఎర్రలైటు కింద కడిగి, తడి బట్టల్లాగే తీగ మీద ఆరేసేవాళ్లం. కడిగే మందు, ఫిక్సర్ అంటాం, దాని వాసన జడలోకి కూడా ఎక్కేది. రోజూ తిట్టుకునేదాన్ని ఆ వాసనని. ఇప్పుడు ఎక్కడా దొరకదని బెంగగా ఉంటుంది.

క్రికెట్ ఆడి వేళ్లు విరగ్గొట్టుకున్న హాస్టల్ పిల్లలు, దగ్గు తగ్గని మెస్ వంటవాళ్లు, స్టాఫ్ క్వార్టర్స్ చంటిపిల్లలు, వీళ్లే మా పేషెంట్లు. ఆ గదికి టెక్నీషియన్ని నేనే గానీ పెత్తనమంతా ఆయా యాదమ్మది. వారాసిగూడ నుంచి నడిచొచ్చేది. యాభై దాటిన మనిషి. గుక్కపట్టి ఏడ్చే పిల్లని కదలకుండా పట్టుకోవడంలో ఆమె తర్వాతే ఎవరైనా. రేడియేషన్‌ని ఆపడానికి వేసుకునే సీసపు కోటు, లెడ్ ఏప్రన్, ఆమెకి గిట్టేది కాదు. "నడుం ఇర్గుతది బిడ్డా" అనేది. గట్టిగా చెప్తే నవ్వేది. "నాకేంది, నా కాన్పులన్నీ అయిపోయినయి." పని జరిగిపోతోంది కదా అని నేనూ ఊరుకునేదాన్ని.

ఇక్కడ బ్యాడ్జి సంగతి చెప్పాలి. ఎక్స్‌రే దగ్గర పనిచేసేవాళ్లకి టీఎల్‌డీ బ్యాడ్జి అని ఒక చిన్న బిళ్ల ఇస్తారు. ఛాతీ మీద పెట్టుకోవాలి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది గుర్తుంచుకుంటుంది. మూణ్ణెల్లకోసారి దాన్ని ల్యాబ్‌కి పంపితే, డోస్ ఎంతో కాగితం మీద రాసి పంపుతారు, కొత్త బ్యాడ్జి ఇస్తారు. కొత్తగా చేరిన నర్సులకి ఈ పాఠం చెప్పేది నేనే. నా బ్యాడ్జి మాత్రం ఏప్రన్‌కే గుచ్చి ఉండేది, ఏప్రనేమో కొక్కేనికి. ఎలాగూ లెడ్ గోడ వెనక నిలబడే స్విచ్ నొక్కుతాను కదా, ఇంకా దేనికని నా ధీమా. శ్రీరంగనీతులు చెప్పడం ఎంతసేపు?

ఆ ఏడు వేసవిలో నాకు నెల తప్పింది. అంతకు రెండేళ్ల ముందు ఒకటి మూడో నెలలో పోయింది. ఈసారి నాలుగో నెల వచ్చేదాకా బయట పొక్కకూడదని అత్తమ్మ కట్టడి. కడుపుతో ఉన్నవాళ్లు ముందుగా పైవాళ్లకి చెప్పాలన్నది మా పనిలో మొదటి నియమం. నేను చెప్పలేదు. యాదమ్మకి మాత్రం చెప్పకుండానే తెలిసిపోయింది. ఫిక్సర్ వాసనకి రెండుసార్లు బయటికి పరిగెత్తేసరికి, "ఎన్నో నెల బిడ్డా?" అంది.

ఐదో నెలలో ల్యాబ్ నుంచి ఉత్తరం వచ్చింది. గడిచిన మూణ్ణెల్లలో నా బ్యాడ్జి మీద పడకూడనంత డోస్ పడిందట. కారణం రాసి పంపాలి, అప్పటిదాకా నేను ఎక్స్‌రే గదిలో అడుగు పెట్టకూడదు. ఆ మూణ్ణెల్లూ నా బిడ్డ నాలోనే ఉంది. ఇంట్లో చెప్పలేదు. వారం రోజులు ఓపీ చీటీలు రాస్తూ కూర్చున్నాను. కడుపులో కదిలితే ఏడుపొచ్చేది, కదలకపోతే భయమేసేది.

సోమవారం నాడు రేడియేషన్ సేఫ్టీ అధికారి వచ్చారు. నెమ్మదైన పెద్దమనిషి. చేతిలో కొలిచే మీటరు.

"భయపడకమ్మా. ముందు ఒక్కటి చెప్పు. బ్యాడ్జి రోజూ ఎక్కడ పెట్టుకుంటవు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కడుపులో బిడ్డని పెట్టుకుని ఆడలేకపోయాను.

"ఏప్రన్‌కి ఉంటుంది సార్. ఏప్రన్ కొక్కేనికి ఉంటుంది."

"చూపించు."

కొక్కేనికి ఏప్రన్ ఉంది. బ్యాడ్జి లేదు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ యాదమ్మ మెల్లగా లోపలికొచ్చి, ఎక్స్‌రే టేబుల్ పక్కకి వేలాడుతున్న దుప్పటి ఎత్తింది. దాని చాటున ఇనుప రాడ్‌కి నల్లదారంతో కట్టి ఉంది నా బ్యాడ్జి.

"నేనే కట్టిన సార్."

"ఎందుకు కట్టినవు?"

"ఇంటి ముంగట గుమ్మడికాయ కడ్తం గద సార్. నజర్ అంత అదే తీస్కుంటది. ఖరాబైతే తీసేసి కొత్తది కడ్తం. గిది గూడ మూణ్ణెల్లకోపాలి పాతది పంపి కొత్తది తెప్పిస్తరు. గిదీ గసుంటిదే అనుకున్న. మొదటి కడుపును ఈ మిషినే మింగింది. ఈపాలి మిషిన్ కాడనే కడితే ఏమున్నా అదే తీస్కుంటది, మా బిడ్డకు తగలదని."

"మరి పాత బ్యాడ్జి?"

"గది గూడ గీడనే ఉండె సార్. పంపే ముందురోజు మళ్ల కోటుకు పెట్టిన."

మూణ్ణెల్లు నా బ్యాడ్జి నా దగ్గర లేదు. ఆ సంగతే నాకు తెలియదు. ఆమె మీద కోపం ఎలా తెచ్చుకోను?

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. నన్ను బయటికి పంపి, నా బదులు వచ్చిన టెక్నీషియన్ చేత మిషిన్ వేయించి, లెడ్ గోడ వెనక మీటరు పెట్టి చూశారు.

"ముల్లు కదలలేదమ్మా. ప్రతిసారి ఈ గోడ వెనకనే ఉన్నవా?"

"ఒక్కసారి కూడా ఇవతలికి రాలేదు సార్."

"అయితే కాగితం మీది డోస్ టేబుల్‌ది. నీది కాదు."

అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చాను. యాదమ్మ నా వీపు నిమురుతోంది. ఆయన మీటరు సర్దుకుంటూ మరో ప్రశ్న వేశారు. "చంటిపిల్లలకు తీసేటప్పుడు ఎవరు పట్టుకుంటరు?"

నా ఏడుపు ఆగిపోయింది. యాదమ్మ బడిపిల్లలా చెయ్యెత్తింది. "నేనే సార్."

"నీ బ్యాడ్జి ఏది?"

"నాకెవ్వరిస్తరు సార్."

వారం రోజులు ఒక్క అంకె కోసం చచ్చిబతికాను. ఆరేళ్లుగా ఆ టేబుల్ పక్కన ఏ కోటూ లేకుండా నిలబడ్డ మనిషికి అసలు అంకే లేదు. ఆమె ఎంత డోస్ తిన్నదో ఏ కాగితంలోనూ లేదు, ఇక ఎప్పటికీ తెలియదు. ఆ రోజు పడ్డ సిగ్గు ఇంకా నాతోనే ఉంది.

జవాబులో ఉన్నదున్నట్టు రాశాను. బ్యాడ్జి పెట్టుకోనిది నేను, కడుపు సంగతి దాచింది నేను, యాదమ్మ చేత పిల్లల్ని పట్టించిందీ నేనే అని. నాకు మెమో వచ్చింది. యాదమ్మ పేరు మీద బ్యాడ్జి వచ్చింది. పిల్లల్ని పట్టుకునే పని ఆమెకి తప్పించాం. తల్లో తండ్రో ఏప్రన్ వేసుకుని పట్టుకునే పద్ధతి పెట్టాం, అదీ తప్పనిసరైతేనే.

నా కూతురు నిక్షేపంగా పుట్టింది. ఇప్పుడు నా కంటే పొడుగు. యాదమ్మ పని మానేసి చాలా కాలమైంది. వారాసిగూడ వెళ్తే ఇప్పటికీ నాకు కాదు, దానికి దిష్టి తీస్తుంది. నేను ఈ రోజుకీ స్విచ్ నొక్కే ముందు ఛాతీ మీద బ్యాడ్జి తడుముకుంటాను. తర్వాత తలెత్తి, గోడ అవతల ఎవరు మిగిలారో చూస్తాను. ఆనాటి సంగతి నాకు నేర్పింది ఆ రెండో చూపే.

ఆమె బ్యాడ్జి వచ్చిన రోజు మరీ మరీ గుర్తొస్తుంది. నేనే ఆమె పైటకి గుచ్చాను. వంగి దాన్ని చూసుకుంటూ అడిగింది.

"గిది నన్ను కాపాడుతదా బిడ్డా?"

"కాపాడదక్కా. ఎంత తగిలిందో చెప్తుందంతే."

"మరి కాపాడేది ఏంది?"

"ఈ గోడ. ఇట్లా రా."

చెయ్యి పట్టుకుని నా పక్కకి తెచ్చుకున్నాను. ఆరేళ్లలో మేమిద్దరం ఆ గోడకి ఒకే వైపు నిలబడడం అదే మొదలు.