కొంగున కట్టిన ఐసుముక్క

మా ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు నవ్వేదాన్ని నేనే. దెయ్యాలూ భూతాలూ నేనెప్పుడూ నమ్మలేదు. ఇది మాత్రం నా చేతుల్లోనే జరిగింది.

తొంభైల్లో బహ్రెయిన్‌లో, రిఫాలో ఒక అరబ్బుల ఇంట్లో పిల్లల్ని చూసుకునేదాన్ని. మా తమ్ముడు సత్తిబాబు అక్కడే మామీర్‌లో కూలీల క్యాంపులో ఉండి, ఎండలో ఇనుము మోసేవాడు. చిన్నప్పుడు ఇద్దరం మా ఊరి ఉప్పుమడుల్లో పనిచేసినవాళ్లమే.

ఒక వేసవిలో ఆ ఇంటి మేడమ్ వాళ్లు చలిదేశం చూడ్డానికి వెళ్తూ పిల్లల కోసం నన్నూ తీసుకెళ్లారు. బయలుదేరే ముందు తమ్ముడు వచ్చాడు. మనిషి బాగా నలిగిపోయి ఉన్నాడు. ఒంట్లో బాగోలేదా అంటే మాట మార్చేశాడు.

"ఐసు కొండకెళ్తన్నావంట కదే అక్కా! నాకో ముక్క జేబులో ఏసుకురా."

"చీరకి జేబెక్కడిదిరా ఎదవా?"

"అయితే కొంగున కట్టుకురా. ఒక్కసారి ఒళ్లు చల్లబడాల."

అక్కడ రెండు కొండల మధ్య నుంచి మంచు ఏరులా దిగొచ్చి చెరువులో కలుస్తోంది. నాకైతే ఉప్పురాశులే గుర్తొచ్చాయి. చూస్తుండగానే ఇల్లంత పెళ్ల విరిగి, ఉరిమినట్టు చప్పుడు చేస్తూ నీళ్లలో పడింది. పిల్లలు కేకలేశారు. నాకెందుకో ఏడుపొచ్చింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కొకటి తీసి, మడుల్లో అలవాటు కొద్దీ నాలిక్కి తాకించాను. చప్పగా ఉంది. మేడమ్ నవ్వుతున్నా వినకుండా కొంగున ముడేశాను.

అది కరిగిపోయింది. తమ్ముణ్ని నవ్వించాలని ముడి మాత్రం విప్పలేదు. తిరిగొచ్చాక ఆ చీరే కట్టుకుని మామీర్ వెళ్లాను. వాడి మంచం ఖాళీగా ఉంది. వాడితో పనిచేసే నూకరాజు నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"డ్యూటీలో ఎండకి పడిపోయాడక్కా. మళ్లీ లెగలేదు. నీకు కబురెలా పంపాలో తెలీలేదు. బాడీని పెట్టెలో పెట్టి ఊరికి పంపించేశారు."

మేము ఆ చెరువు దగ్గరున్న రోజే అది. ఆఖర్న "హమ్మయ్య, చల్లబడింది" అన్నాడట.

మేకుకు వాడి చొక్కా వేలాడుతోంది. చెమట ఆరి వీపంతా తెల్లటి చారలు. కళ్లు తుడుచుకుందామని కొంగు లాగితే ముడి చేతికి గరుగ్గా తగిలింది. విప్పాను. లోపల కాసిని గళ్లుప్పు రేణువులు. నేనూ నూకరాజూ నోట్లో వేసుకుని చూశాం. ఉప్పే.

ఇంటికెళ్లి చెప్తే, నీ చెమటే ఆరి ఉంటుందని మేడమ్ అంది. ఆ చలిలో నాకు చెమటెక్కడిది? అయినా చెమట ఆరితే చారలు పడతాయి గానీ గళ్లు కడుతుందా?

ఊరెళ్లాక ఆ ఉప్పుని మా ఊరి ఉప్పుమడిలోనే కలిపేశాను. నా కొంగులోకి ఎలా వచ్చిందో ఈ రోజుకీ తెలీదు. కూరలో ఉప్పు వేయబోతే ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది. మా ఇంట్లో కూరలన్నీ చప్పగానే ఉంటాయి.