పేరు తెలిసిన సీసా వద్దన్న కరుణకు

ఆదివారం.

నిన్న ఉదయం కరుణ టీచర్ పోయింది. ఫోన్ చేసింది ఆమె కొడుకు.

"ఏ హాస్పిటల్?" అని అడిగాను.

"ఇంట్లోనే పెద్దమ్మా" అన్నాడు.

దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇంకా పోలేదు.

మన స్కూలు గ్రూపులో నిన్నటి నుంచి మీరు పెడుతున్నవన్నీ చదివాను. "ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారు" అన్నారు. నిజం. "చివరిదాకా ధైర్యంగా పోరాడారు" అన్నారు. అబద్ధం.

అది సరిచేయడానికి, వలికి జవాబు చెప్పడానికి ఈ పోస్ట్.

వలి మా పాత స్టూడెంట్. రుద్రవరంలో విత్తనాల అంగడి నడుపుతున్నాడు. పోయిన వారం ఇక్కడే అడిగాడు: "టీచర్, ఫోన్లో రోగ్‌లైక్ గేమ్స్ లెక్కలేనన్ని ఉన్నాయి. నాకు ఏది సూట్ అవుతుంది?"

కరుణ "రేపు చెప్తా వలీ" అని పెట్టింది. చెప్పలేదు.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. రోగ్‌లైక్ అంటే నేలమాళిగలోకి అంతస్తు తరువాత అంతస్తు దిగుతూ పోయే ఆట. ప్రతిసారీ గదులు మారిపోతాయి. దారిలో పేరు లేని మందు సీసాలు దొరుకుతాయి. తాగితే గాని అది మందో విషమో తెలియదు. ఒక్కసారి చస్తే అంతే, మళ్లీ మొదటి నుంచి.

ఎనభైల చివర, వేసవి సెలవుల్లో ఆళ్లగడ్డ స్కూలు నుంచి మమ్మల్నిద్దరినీ కంప్యూటర్ ట్రైనింగ్‌కని నంద్యాల పంపారు. నేను లెక్కలు, ఆమె సైన్సు. పొద్దున్నే బస్సు. కంప్యూటర్ గది బయట చెప్పులు విడవాలి, లోపల ఏసీ.

హైదరాబాదు నుంచి వచ్చిన ట్రైనర్ ఇలాంటివే మూడు ఆటల ఫ్లాపీలు వదిలి వెళ్లాడు. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. బొమ్మలు లేవు. అక్షరమే రాక్షసుడు.

ఆ మూడింటిని కరుణ ట్రైనింగ్‌కు వచ్చిన టీచర్లకు మనిషిని బట్టి పంచేది. ముందు ఒక ఆట ఆడించి పక్కన నిలబడి చూసేది. మెట్లు కనపడగానే దిగుతాడా, గదులన్నీ వెతుకుతాడా? తెలియని సీసా తాగుతాడా, దాస్తాడా? అంతే. ఆ తరువాత ఫ్లాపీ చేతిలో పెట్టేది.

తొందర మనిషికి ఆకలి ఉన్న ఆట. ఆగితే తిండి అయిపోతుంది, దిగుతూనే ఉండాలి. ఆమెది అదే.

జాగ్రత్త మనిషికి పైన ఊరు ఉన్న ఆట. దిగవచ్చు, ఎక్కి వచ్చి అంగడిలో సరుకులు కొనుక్కోవచ్చు.

ప్రతిదాన్నీ కెలికి చూసేవాడికి మూడోది. అందులో ఏ వస్తువును దేనిమీద వాడినా ఏదో ఒకటి జరుగుతుంది.

నాకు రెండోది ఇచ్చింది. "నీకు ఊరుండేదే సరిపోతాదిలేక్కా. అంగట్లో బేరాలు చేసుకుంటా కూచో."

నాకు ఒళ్లు మండింది. ఆమె ఆటే కావాలని లాక్కున్నాను.

చాలా దూరం వెళ్లాను. దొరికిన ప్రతి సీసా సంచిలో దాచాను. ఏది విషమో తెలియకుండా ఎలా తాగుతాం? ఒక రాక్షసుడు మూలకు నెట్టి చంపేదాకా దాచుతూనే ఉన్నాను.

ఆ ఆటలో చచ్చాక సంచిలోని సీసాల అసలు పేర్లు తెర మీద కనపడతాయి.

సగానికి పైగా గాయాలు మాన్పే మందులే.

కరుణ కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుని నవ్వింది. బయట ఉన్న అటెండర్ తలుపు తీసి చూశాడు.

"చూడప్పా చూడు, మా అక్క సంచి నిండా మందు పెట్టుకొని సచ్చింది! యాడికి తీసుకపోతాండావక్కా అవన్నీ? సమాధిలోకా?"

ఆ మాట ఆమె ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అన్నదో. నేను కొత్త చీర బీరువాలో పెట్టినా అదే మాట.

ఇప్పుడు అసలు విషయం.

కరుణ క్యాన్సర్‌కు చూపించుకున్న కర్నూలు డాక్టర్ ఇంకో మందు ఉందన్నాడు. జబ్బు పోదు, కానీ ఇంకొంత కాలం ఇవ్వవచ్చు అన్నాడు. పేరు చెప్పాడు. జుట్టు పోతుందన్నాడు, వాంతులవుతాయన్నాడు. ఏదీ దాచలేదు. నేను పక్కనే కూర్చుని విన్నాను.

బయటికి రాగానే "వద్దక్కా" అంది.

"ఏం?"

"ఏమైతాదో అంతా చెప్పేసినాడు కదా. ఇంక తాగేదానికి ఏముంది?"

"నవ్వులాటగా ఉందా నీకు?"

"మెట్లు కనపడినాయక్కా. ఈడ ఇంకేం పని నాకు?"

ఆటలో పేరు లేని సీసాలన్నీ తాగినదానివి కరుణా. పేరు తెలిసిన ఒక్కటి వద్దన్నావు.

ఇంకొంత కాలం నీకు అక్కరలేకపోవచ్చు. నాకు కావలసింది. ఆ మాట నీ ముఖం మీదే చెప్పాను. నువ్వు బస్సు వచ్చిందని చెయ్యి పట్టి లాగావు.

కాబట్టి, జరగవలసినవి:

1. "పోరాడారు" అని రాసినవాళ్లు ఈ సాయంత్రం సమాధి కార్యక్రమం లోపు అది తీసేయండి. ఆమె పోరాడలేదు. దిగిపోయింది. ఫ్లెక్సీ మీద కూడా ఆ మాట ఉండకూడదు.

2. వలీ, నీకు మూడో రకం. ప్రతిదీ కెలికే ఆట. ల్యాబ్‌లో యాసిడ్ సీసా మూత తీసి వాసన చూసినవాడివి. కరుణ అయినా అదే చెప్పేది.

3. సీసాలు దాచకు. ఇది మాత్రం ఆమె మాట, నాది కాదు.

వెళ్లు కరుణా. నీ ప్రభువు దగ్గరైనా ఒకచోట నెమ్మదిగా కూర్చో. నీకు శాంతి కలగాలి.

నాకు ఇప్పట్లో అది అక్కరలేదు.