కళ్లు పడని జయాబాయి

రాయచూరులో అమరప్ప బొమ్మలు చూసి నవ్వనివాళ్లు ఇద్దరే. ఒకరు భార్య జయాబాయి, ఇంకొకరు పాత ఇనుము కొనే గుజిరీ ఖాజాసాబ్. ఫ్లెక్సీలొచ్చి బోర్డులు రాసే పని పోయాక, అమరప్ప కలలో కనబడ్డవే గీశాడు. శక్తినగర్ కరెంటు కేంద్రం పొగగొట్టాల్లోంచి కృష్ణా నది ఆకాశంలోకి పారేది. గుడ్డు పగిలి బస్సు బయటికొచ్చేది.

"ఏంది అమరప్పా, బస్సుకు రెక్కలు పెట్టినవ్? డిపోల డీజిల్ అయిపోయిందా?" అని వీధివాళ్లు ఎగతాళి చేసేవారు.

"పెట్టనియ్యుండ్రి. గట్లన్న టైముకు వస్తది" అనేది జయాబాయి, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే.

తుక్కుతో కూడా బొమ్మలు చేసేవాడు. ఇనుము ఖాజాసాబ్ ఇచ్చేవాడు. ఇద్దరి మధ్యా ఒకటే ఒప్పందం. అమరప్ప ఏ బొమ్మకైనా కళ్లు చివరన దిద్దుతాడు. కళ్లు పడ్డ బొమ్మ ఆయనది, పడనిది తిరిగి గుజిరీకి. పెరటి తలుపుకు తాళం ఉండదు. ఖాజాసాబ్ అప్పుడప్పుడు బండి తెచ్చి, కళ్లు లేనివన్నీ ఎత్తుకుపోయేవాడు.

జయాబాయి పోయాక అమరప్ప మరేదీ చెయ్యలేదు. ఆమెనే చేశాడు. సైకిలు గొలుసు జడ, నెయ్యిడబ్బా రేకు మొహం, గుండె దగ్గర ఆమె మిషను చక్రం. కళ్ల దగ్గరికొచ్చేసరికి కుంచె ఆగిపోయింది. ఒకప్పుడు ఒక చేప బొమ్మకు ఒంటినిండా కళ్లు గీసినవాడికి ఆమె చూపు గుర్తుకు రాలేదు. కాపురమంతా ఆమె సూదివైపు చూస్తూ కూర్చుంది. ఆయన చూసుకున్నది తన బొమ్మల్ని.

రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే జ్వరం ముదిరి ఆసుపత్రిలో పడ్డాడు. తిరిగొచ్చేసరికి పెరడు ఖాళీ. గోడలు పట్టుకుంటూ గుజిరీకి నడిచాడు.

"ఖాజాభాయ్, మా ఇంటామె ఏది?"

ఖాజాసాబ్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కాటా పక్కన కూలబడ్డాడు.

"యా అల్లా! మొకానికి కండ్లు లెవ్వు గదన్నా. లారీ వచ్చె, కరగబోసే భట్టీకి పంపితి. ఆమె అని తెల్వకపాయె."

"నాకే తెల్వకపాయె. నీకెట్ల తెలుస్తది?"

ఖాజాసాబ్ కొట్టంతా వెదికి, లారీకెక్కిస్తుంటే ఊడిపడ్డ చక్రం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "ఎంత ఇనుము కావాల్నో తీస్కపో. మల్ల చెయ్యి."

"చేస్త. కండ్లకాడ మల్ల గిట్లనే ఆగుత."

అమరప్ప చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పి కాటా మీద పెట్టాడు.

"ఇది గూడ నీదే గద భాయ్."

అమరప్ప ఆ ఏటి ఉగాది చూడకుండానే పోయాడు. చక్రం ఇంకా గుజిరీలోనే, కాటా పక్క మేకుకు వేలాడుతోంది.