బద్వేలాయన జాడీ

పంతొమ్మిదివందల యాభైల్లో మద్రాసు నుంచి మలయాలోని పెనాంగుకు పోయే ఓడలో నా పక్క చాప మీద చేరిన బద్వేలాయన్ని ఇప్పటికీ క్షమించలేదు. ఊరగాయ జాడీని ఒళ్లో పెట్టుకునే నిద్రపోయేవాడు. ఓడ కూడు గొంతు దిగక, అంగడివాళ్ల బిడ్డను గనక బేరం పెట్టాను.

"రెండు బద్దలియ్యి పెద్దాయనా, గాలొచ్చే నా చోటు నీకిస్తా."

"ముందు చోటియ్యి."

ఇచ్చాను. ఆయన అక్కడ చాప పరుచుకుని, జాడీ విప్పకుండానే "నాలికను అలవాటు చేసుకోవల్లప్పా!" అని అటు తిరిగి పడుకున్నాడు.

పెనాంగులో మొదటి పూట, చేపల వాసన కొట్టే అన్నం ముందు జాడీ విప్పాడు. గాలొచ్చే ఆ చోట సముద్రపు నీళ్లు దిగి అంతా బూజు.

"నీకాడ ఏమన్నా ఉండాదా అప్పా?"

"నాలికను అలవాటు చేసుకోవల్ల పెద్దాయనా!"

నా పెట్టె అడుగున ఓడ దిగాక విప్పమని మా అమ్మ కట్టిచ్చిన చెనిక్కాయల పొడి ఉంది. విప్పితే ఆయనకూ పెట్టాల్సి వస్తుందని, ఆ పూట నేనూ ఒట్టి అన్నమే మింగాను.