నడుము కోయకుండా

మా ఇంట్లో మగ్గం దగ్గరికి నీళ్ల చెంబు రాకూడదు. పట్టు మీద చుక్క పడితే మరక, మరక పడితే చీర పాడు. అది నాయన పెట్టిన నియమం. ధర్మవరంలో మా వీధి నేతగాళ్లందరిదీ అదే తీరు. పైగా నీళ్లు తాగితే మాటిమాటికీ మగ్గం గుంటలోంచి లేవాలి. పొద్దున గుంటలో కాళ్లు పెడితే మధ్యాహ్నం దాకా కదలనని నాకు పెద్ద గొప్ప. "ఒక్క గుక్కన్నా తాగగూడదా?" అని నా భార్య పోరేది. వింటేనా!

ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం ఆ గొప్పంతా దిగిపోయింది. కుడి డొక్కలో నొప్పి పుట్టి మగ్గం పక్కనే మెలికలు తిరిగాను. మూత్రనాళంలో రాయి ఇరుక్కుంది, డొక్క కోసి తీయాలన్నాడు డాక్టరు. నొప్పి కంటే ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. నాయనకూ రాయి కోసం అలాగే కోశారు. జానెడు గాటు. ఆ తర్వాత ఆయన నడుం వంచి మగ్గంలో కూర్చోలేకపోయాడు. అరుగు మీద నేతకు కావాల్సిన పట్టు కండెలు చుట్టుకుంటూ ఉండిపోయాడు. నాకేమో ముప్పై నాలుగేళ్లు, నేత తప్ప ఇంకో పని రాదు.

మా చీరలు కొనే సావుకారు చెప్పాడు: "బెంగళూర్లో కొత్త మిషనొచ్చిందంట. కోయరంట. పోయి చూడప్పా." ఆ సాయంత్రమే నేనూ నా భార్యా బయల్దేరాం. బస్సు సోమందేపల్లె దాటేలోపే గతుకు గతుక్కీ ప్రాణం పోయి వచ్చింది.

అక్కడి ఆస్పత్రిలో వెన్నులో సూది వేస్తే కాళ్లు నావి కాకుండా పోయాయి. మెలకువగానే ఉన్నాను. కళ్లకు నారింజ రంగు అద్దాలు పెట్టారు. మూత్రం వచ్చే దారిలోంచే సన్నని గొట్టం, అందులో వెంట్రుకలాంటి తీగ పంపి, దాని కొసనుంచి పచ్చటి వెలుగుతో రాయిని కొడతామన్నాడు డాక్టరు. టక్, టక్, టక్! నా ఒంట్లోంచే చప్పుడు!

"పగులుతాండాదా సార్?"

"పగులుతోందయ్యా, కదలొద్దు!"

ఎగిరి గంతెయ్యాలనిపించింది. కాళ్లు పనిచేయలేదు కాబట్టి వాళ్లు బతికిపోయారు.

మూడో రోజు ఇల్లు చేరాను. నాయన గబగబా వచ్చి నా చొక్కా ఎత్తాడు.

"గాటు యాడరా?"

"కోయల్యా నాయనా."

"మరి రాయి?"

"పొడైపోయి ఉచ్చలో కొట్టకపోయ."

నమ్మలేదు. రెండో డొక్క కూడా తిప్పి చూశాడు. "మోసపోయినావు రా! యాదీ, మగ్గంలోకి దిగు, చూస్తా."

"వారం దాకా పని చేయగూడదన్నారు మామా!" అని నా భార్య అరుస్తూనే ఉంది. నాకు ఆగే ఓపిక ఎక్కడిది? దిగాను. వంగాను. పోగుల మధ్య పట్టు కండె ఉన్న నాడె విసిరాను. అటూ ఇటూ నాలుగు పోగులు పడ్డాయి. నొప్పి లేదు! ఆనందం పట్టలేక గట్టిగా నవ్వేశాను.

నాయన నవ్వలేదు. గుంట అంచున చతికిలబడి, వంగిన నా నడుమునే చూస్తున్నాడు.

"నేనుగూడా ఇట్లనే వంగుతాంటిరా," అన్నాడు. "ఇంకో నాలుగు పోగులెయ్యి. చూసుకుంటా."