లాటిన్ పుస్తకం మీద నా బొట్టు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని ప్రశ్నలతో చంపుతానని మా చుట్టాల్లో నాకు పేరు. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి, అప్పుడు కరెంటుందా అని అడుగుతాను. సగంమంది అక్కడే ఆగిపోతారు. ఇది నాకే జరిగింది కాబట్టి ఆ ప్రశ్నలన్నీ ముందు నన్ను నేను వేసుకున్నాకే రాస్తున్నాను.

మేం హాంబర్గ్‌లో ఉంటాం. మా ఆయనది విమానాల కంపెనీలో ఉద్యోగం. నేను లైబ్రరీ సైన్స్ చదివి, పిల్ల పెద్దదయ్యేదాకా ఇంట్లోనే ఉండి, నలభై తొమ్మిదో ఏట ఇక్కడొక లైబ్రరీలో చేరాను. పాత పుస్తకాలు ఒక్కో పేజీ కెమెరా కింద పెట్టి ఫొటోలు తియ్యడం పని. మొదటి ఆరు నెలలు ప్రోబెత్సైట్, అంటే నచ్చకపోతే పొమ్మంటారు. ఇది జరిగేటప్పటికి అందులో ఇంకా రెండు వారాలు మిగిలున్నాయి.

ఆ వారం నా బల్ల మీదకి ఒక లాటిన్ తత్వశాస్త్ర గ్రంథం వచ్చింది. అచ్చు యంత్రం వచ్చిన కొత్తల్లో, ఐదు వందల ఏళ్ళ క్రితం వేసింది. చావుకి భయపడకుండా ఉండడం ఎలాగో అందులో ఉందట. నాకు లాటిన్ ముక్క రాదు. అప్పట్లో నల్ల సిరాతో అచ్చేశాక, వాక్యాల మొదట్లో ఎర్ర గీతలు చేత్తో పెట్టించుకునేవారు. ఆ ఎరుపు నిన్న పెట్టినట్టే ఉంది.

గురువారం సాయంత్రం ఒక పేజీ ఫొటో తీసి అక్కడికి ఆపాను. శుక్రవారం పొద్దున దీపం పెట్టి, కుంకుమ పెట్టుకుని వెళ్ళాను. మామూలు రోజుల్లో స్టిక్కరే. అదే పేజీ తెరిచి సర్దుతుంటే అడుగున స్పాంజి దిమ్మ పక్కకి జారింది. పుస్తకం కింద పడకుండా పట్టుకున్నాను గానీ, అట్ట అంచు నా బూటుకి తగిలింది.

పుస్తకానికి కాలు తగిలితే మనం ఏం చేస్తాం? అదే చేశాను. తెరిచిన పుస్తకాన్ని అలాగే ఎత్తి కళ్ళకద్దుకున్నాను. దించి చూస్తే కుడి పేజీ అంచున ఎర్రటి బొట్టు. చెమటకి కిందికి చిన్న తోక కూడా సాగింది. నుదురు తడుముకుంటే వేలికి కుంకుమ అంటింది.

ఎవరూ చూడలేదు. నేనూ చెప్పలేదు. రాయడానికి సిగ్గేస్తోంది గానీ అది నిజం.

సోమవారం మా హెడ్ రెనాటె పిలిచింది. గురువారం నేను తీసిన ఫొటోలో పేజీ శుభ్రంగా ఉంది, పుస్తకంలో మచ్చ ఉంది. ఎలా వచ్చిందని అడుగుతూ నా నుదుటి వంక చూసింది. ఆ చూపుకి ఒళ్ళు మండింది. పేజీ నిండా మీవాళ్ళు పూసిన ఎరుపే కదా, నా ఒక్క నుదురే కనబడిందా అన్నాను. గంటసేపు వాదించాను. తప్పు నాదని తెలిసే వాదించాను.

తగువు తేలక ఆవిడ పాత మైక్రోఫిల్మ్ తెప్పించింది. నలభై ఏళ్ళ క్రితం ఇదే పుస్తకాన్ని నలుపు తెలుపులో తీసిన రీలు. ఇద్దరం కలిసే చూశాం. కుడి పేజీ అంచున, అదే చోట, అంతే గుండ్రంగా మచ్చ. దాని తోకతో సహా.

రెనాటె అక్కడికక్కడే క్షమాపణ చెప్పింది. నా ఫొటోలో లైటు ఎక్కువై మచ్చ కనబడలేదని తేల్చేసి, ఆ పేజీ మళ్ళీ తియ్యమంది. అదే ఫొటోలో మిగతా ఎర్ర గీతలన్నీ చక్కగా పడ్డాయి. ఆ సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇంటికొచ్చి మొత్తం చెప్తే మా ఆయన, "గెలిచావుగా. గెలిచినా గొడవేనా నీకు?" అన్నాడు. మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తకుండా రుజువుంది కదా మమ్మీ, వదిలెయ్ అని జర్మన్‌లో అనేసింది.

మూడు రోజులు అన్నం సయించలేదు. గురువారం వెళ్ళి, ఉద్యోగం పోతే పోయిందని రెనాటెకి ఉన్నదున్నట్టు చెప్పాను. బూటు, కుంకుమ, కళ్ళకద్దుకోవడం, అన్నీ. శ్రద్ధగా విన్నది.

"ఆ ఫిల్మ్ తీసినప్పుడు మీరెక్కడున్నారు?"

"తెనాలిలో. నాలుగో క్లాసు."

"మరి?"

పరీక్ష చేయించండి, కుంకుమో సిరానో తెలిసిపోతుంది అన్నాను. నలభై ఏళ్ళు పైబడిన మచ్చ కోసం కాగితం గోకనివ్వను అంది. పైగా సెలవు పెట్టి విశ్రాంతి తీసుకోమని సలహా ఇచ్చింది. తప్పు నాదేనని ఒప్పించడానికి నానా తంటాలు పడ్డాను. ఒప్పుకోలేదు.

కుంకుమ నా వేలికి అంటడం చూశాను. రీల్లో మచ్చా చూశాను. రెండూ ఎలా నిజమవుతాయో ఈ రోజుకీ నాకు తెలీదు.

ఆరు నెలలూ పూర్తయ్యాక ఉద్యోగం ఖాయమైంది. ఆ పుస్తకం వివరాల్లో రెనాటె ఒక లైను చేర్పించింది: కుడి అంచున ఎర్రటి గుర్తు, పూర్వపు పాఠకుడెవరిదో, పేరు తెలియదు. ఆ లైను నాచేతే టైపు చేయించింది.