నల్లనయ్య వేషం

ముఖానికి పూసే పాన్‌కేక్ రంగు డబ్బా మూత తీసి తడి స్పాంజి అద్దగానే ఒక వాసన వస్తుంది. పౌడరూ, పాత చెమటా, కాస్త తుప్పూ కలిసిన వాసన. మొన్న విశాఖలో ప్రదర్శనకి ముందు మేకప్ అమ్మాయి ఆ డబ్బా పట్టుకుని, "సార్, రెండు షేడ్లు తెలుపు పెంచమంటారా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. వద్దమ్మా, కాటుక చాలన్నాను. పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. ఈ ముఖానికి ఎంతమంది సున్నం కొట్టారో ఆమెకేం తెలుసు! నాకు మాత్రం ఆ వాసనకి మా సన్యాసిరావు మాస్టారు గుర్తొచ్చి, కళ్ళు చెమర్చాయి.

అరసవల్లిలో ఒక లాడ్జి మేడమీద ఆయన కూచిపూడి క్లాసు నడిపేవారు. నేను సముద్రం ఒడ్డున చేపల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, డిగ్రీ చదవడానికి శ్రీకాకుళం వచ్చినవాణ్ణి. నాది మామూలు నలుపు కాదు, పుట్టు నలుపు మీద ఎండ నలుపు. దానికి తోడు నా నడకొకటి. మగవాళ్ళ మీద మనసుపడే మగవాణ్ణని నేనింకా ఎవరికీ చెప్పలేదు గానీ, నా నడక మాత్రం ఊరందరికీ చెప్పేసింది. మాస్టారు నన్ను ఎగాదిగా చూశారు. ఆయనా నాకు తీసిపోని నలుపే. "ముకం సంగతి తరవాత సూద్దాం. ముందు కాలెత్తి కొట్టు" అన్నారు. గంటసేపు కొట్టించి, "కాలు బాగున్నాది. రేపు ఐదింటికి వొచ్చీ" అన్నారు.

మాస్టారి బృందం ఊరూరా నృత్యనాటికలు ఆడేది. కృష్ణుడి వేషానికి ఎప్పుడూ ఒక తెల్లటి కుర్రాణ్ణి ఏరి, ఆ తెలుపు మీద నీలం పూసేవారు. నాకు రాక్షసుడో, బోయవాడో. ఇలా ఆరేళ్ళు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "నల్లనయ్యా అని పాడతారు కదా మాస్టారూ, నల్లోణ్ణి నేను పనికిరానా?"

ఆయన తాళాలు కింద పెట్టారు. "నువ్వు పనికొత్తావురా. సూసేవోళ్ళే పనికిరారు. నాను ముప్పై ఏళ్ళు తెల్ల రంగు కిందే ఆడినాను. నడకా దాసుకున్నాను. నువ్వూ దాసుకో, బతికిపోతావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు క్లాసు ఎగ్గొట్టాను. మూడో రోజు ఆట మీది మోజు సిగ్గు లేకుండా నన్ను మళ్ళీ మేడెక్కించింది.

మాస్టారి ఇంట్లో రామ్మూర్తి గారని ఒకాయన ఉండేవారు. మా ప్రదర్శనలకి మృదంగం ఆయనే. ఇద్దరూ ఒకే కంచం ముందు కూర్చునేవారు. చేప ముళ్ళు ఏరి మాస్టారి వైపు జరిపేవారు రామ్మూర్తి గారు. ఎవరడిగినా మాస్టారు "మా తమ్ముడు వరస" అనేవారు. ఊరికి అంతా తెలుసు. తెలిసినట్టు ఎవరూ బయటపడేవారు కాదు.

ఒక వానాకాలం రామ్మూర్తి గారు గుండెపోటుతో పోయారు. గరివిడి నుంచి అన్న కొడుకులు వచ్చి శవాన్ని తీసుకెళ్ళారు. మాస్టారి వెంట నేనూ వెళ్ళాను. చివరిగా నోట్లో బియ్యం వేసే వేళ మాస్టారు గుప్పెడు గింజలతో ముందుకి వచ్చారు. ఆ అన్న కొడుకుల్లో ఒక కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు ఆ పక్కన కూకోండి మాస్టారూ. ఇది ఇంటోళ్ళు సేసే పని."

మాస్టారు వెళ్ళి కూర్చున్నారు. తిరుగు బస్సులో ఆ గింజలు ఆయన గుప్పిట్లోనే ఉన్నాయి. "నలబై ఏళ్ళు తమ్ముడన్నాను రా. మా ఇంటోడని నానే ఒక్కసారీ అన్లేదు. మరి ఆళ్ళెందుకంటారు?" అన్నారు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

తర్వాతి ప్రదర్శన గజపతినగరంలో. కృష్ణుడి వేషం నాకిచ్చారు. నీలం డబ్బా తీయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. నిర్వాహకుడు పరుగున వచ్చాడు.

"ఏటి మాస్టారూ, ఈ కర్రి కృష్ణుడేటి? మా పరువేటవుతాది?"

"కృష్ణుడు కర్రోడే బాబూ. నచ్చకపోతే లైట్లు తీయించీ, ఎలిపోతాం."

లైట్లు తీయలేదు. నా రంగుతో, నా నడకతో ఆడాను. ముందు వరసల్లో నవ్వారు. సగం ఆట అయ్యేసరికి సగంమంది మానేశారు, మిగతావాళ్ళు చివరిదాకా నవ్వుతూనే ఉన్నారు. నవ్వితే నవ్వారు, నేను మాత్రం అంత హాయిగా అంతకు ముందెన్నడూ ఆడలేదు.

ఆ తర్వాత హైదరాబాదులో ఒక బృందంలో చేరాను. అక్కడే కిరణ్ పరిచయమయ్యాడు. ఇద్దరం ఒక ఇంట్లో కాపురం పెట్టిన ఏడాదికి అతన్ని మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాను. వసారాలో ఇరుగుపొరుగు కూర్చుని ఉన్నారు. "ఎవర్రా ఈ బాబు?" అని మాస్టారు ఆశగా అడిగారు. నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. "తమ్ముడు వరసండి."

కిరణ్ తల దించుకున్నాడు. మాస్టారి ముఖం చిన్నబోయింది. టీ ఇచ్చారు, కబుర్లు చెప్పారు, ఆ మాట ఎత్తలేదు. బయలుదేరేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుని మెల్లగా, "నీకు కాలు నేర్పినాను గానీ నోరు నేర్పలేకపోయాను రా" అన్నారు. నెల తిరక్కుండానే ఆయన పోయారు.

పదకొండో రోజు కర్మ శిష్యులమే జరిపించాం. భోజనాల దగ్గర పక్కింటి ముసలామె కిరణ్‌ని చూసి, "ఈ అబ్బాయి నీకేటవుతాడు నాయినా?" అంది. "నా ఇంటోడమ్మా. మేమిద్దరం కలిసి బతుకుతన్నాం" అన్నాను. ఆమె "అయితే కూకోమను మరి, కూడు సల్లారిపోతాది" అని, జరిగి చోటిచ్చింది.

అందరూ ఆమెలా జరగరు. ఒప్పుకున్న కార్యక్రమాలు కొన్ని పోయాయి, మా అయ్య ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఎవరైనా అడిగిన ప్రతిసారీ నాకు గొంతు వణుకుతుంది. ఆ వణుకుతోనే చెబుతాను.